ఉదయం పూట సులువైన బలవర్ధకమైన టిఫిన్: గుడ్డు కుడుములు

"పొద్దున ఏం తిన్నారు?" వార్డులో మేము ప్రతి రోగినీ అడిగే ప్రశ్న ఇది. "టీ తాగాను సిస్టర్, రెండు బిస్కెట్లు తిన్నాను" అన్నది మాకు తరచుగా వచ్చే జవాబు. కొందరైతే ఆ బిస్కెట్లు కూడా తినరు. పిల్లలను బడికి పంపే హడావిడిలో తల్లి తినడం మర్చిపోతుంది. పొలం పనికి వెళ్లే ఆయన పదకొండు గంటలకు అన్నం తింటాడు. ఒంటరిగా ఉండే పెద్దవారు తమ ఒక్కరి కోసం పొయ్యి వెలిగించడానికి బద్ధకిస్తారు. ఆదివారం ఆరాధనకు త్వరగా వెళ్లాలని ఇంటిల్లిపాదీ ఖాళీ కడుపుతో బయలుదేరే కుటుంబాలూ ఉన్నాయి.

ఆరోగ్యవంతులకు ఒక పూట టిఫిన్ తప్పితే పెద్ద ప్రమాదం ఉండకపోవచ్చు. అయితే షుగరు మాత్రలు వాడేవారికి, టి.బి. చికిత్సలో ఉన్నవారికి, గర్భిణులకు, ఆపరేషను అయి ఇంటికి వెళ్లినవారికి ఆ ఒక్క పూట ఎంతో ముఖ్యం. అందుకే ఈసారి పాఠంగా ఇంట్లో ఉన్న ఇడ్లీ పాత్రతోనే చేసుకోగల ఒక వంటకాన్ని, దాని వెనుక ఉన్న ఆరోగ్య విషయాలను తెలుసుకుందాం.

విదేశాలలో గుడ్డు మిశ్రమాన్ని చిన్న చిన్న గుంటలలో పోసి ఓవెన్‌లో కాల్చి, 'ఎగ్ బైట్స్' అని తింటారు. మన ఇళ్లలో చాలామందికి ఓవెన్ ఉండదు. కానీ ఇడ్లీ పాత్ర లేని ఇల్లు అరుదు. ఆవిరి మీద ఉడికించేది కాబట్టి మనం వీటిని గుడ్డు కుడుములు అనుకుందాం.

గుడ్డులో ఏముంది?

సుమారు 50 గ్రాముల బరువున్న ఒక కోడిగుడ్డులో 6 గ్రాముల మాంసకృత్తులు, 5 గ్రాముల కొవ్వు, 70 కేలరీల శక్తి ఉంటాయి. కండరాలు నిలబడడానికి, గాయాలు మానడానికి, రోగనిరోధక శక్తికి అవసరమైన అమైనో ఆమ్లాలన్నీ గుడ్డు మాంసకృత్తులలో తగిన పాళ్లలో ఉన్నాయి. పచ్చసొనలో విటమిన్ ఎ, విటమిన్ డి, విటమిన్ బి12, గర్భస్థ శిశువు మెదడు ఎదుగుదలకు కావలసిన కోలిన్ ఉంటాయి. విటమిన్ సి, పీచు పదార్థం మాత్రం గుడ్డులో లేవు. కూరగాయలు, ఆకుకూరలు కలిపి చేసుకుంటే ఆ లోటు కొంత తీరుతుంది.

60 కిలోల బరువున్న ఆరోగ్యవంతునికి రోజుకు సుమారు 50 గ్రాముల మాంసకృత్తులు కావాలి. ఒక ఇడ్లీలో ఉండేది ఇంచుమించు 2 గ్రాములే. మూడు ఇడ్లీలు, పల్చటి చట్నీతో కడుపు నిండుతుంది గాని మాంసకృత్తులు తక్కువే అందుతాయి. అదే రెండు ఇడ్లీలు, నాలుగు గుడ్డు కుడుములు తింటే 16 గ్రాములు అందుతాయి.

"ఇంత శ్రమ ఎందుకు, గుడ్డు ఉడకబెట్టుకుంటే చాలదా?" అని మీరు అడగవచ్చు. చాలు. ఉడికించిన గుడ్డు ఎంతో మంచిది. రోజూ అదే తిని విసుగెత్తినవారికి, పళ్లు లేక నమలలేని పెద్దవారికి, కూరగాయలు పళ్లెం అంచుకు నెట్టే పిల్లలకు ఈ కుడుములు ఉపయోగపడతాయి.

కావలసిన పదార్థాలు (8 కుడుములకు)

కోడిగుడ్లు: 4
కాచి చల్లార్చిన పాలు: 4 టేబుల్ స్పూన్లు
సన్నగా తరిగిన ఉల్లిపాయ: 1 చిన్నది
తురిమిన క్యారెట్: 2 టేబుల్ స్పూన్లు
సన్నగా తరిగిన పాలకూర లేక లేత మునగాకు: గుప్పెడు
పచ్చిమిర్చి: 1 (పిల్లలకు, కడుపులో మంట ఉన్నవారికి వద్దు)
మిరియాల పొడి: పావు టీ స్పూను
పసుపు: చిటికెడు
ఉప్పు: పావు టీ స్పూను, అంతకు మించవద్దు
నూనె: 2 టీ స్పూన్లు

టమాట వేసుకునేవారు గింజలు, రసం తీసివేసి కండ మాత్రమే వేయాలి. లేకపోతే కుడుము అడుగున నీళ్లు ఊరుతాయి.

తయారు చేసే విధానం

1. ముందుగా సబ్బుతో చేతులు కడుక్కోండి. పగుళ్లు ఉన్న గుడ్లు వాడకండి. పెంకుకు మట్టి, రెట్ట అంటి ఉంటే వాడే ముందు మాత్రమే కడిగి తుడవండి. తెచ్చిన వెంటనే కడిగి దాచిపెడితే పెంకు మీది సహజమైన రక్షణ పొర పోయి, గుడ్డు త్వరగా పాడవుతుంది.

2. ఒక టీ స్పూను నూనెలో ఉల్లిపాయ, పచ్చిమిర్చి, క్యారెట్, ఆకుకూర రెండు మూడు నిమిషాలు వేయించి చల్లారనివ్వండి. పచ్చివే కలిపితే వాటిలోని నీరు గుడ్డులోకి దిగి కుడుములు విరిగిపోతాయి. వేడిగా ఉన్నప్పుడు కలిపితే గుడ్డు అక్కడికక్కడే గడ్డకడుతుంది.

3. ఒక్కొక్క గుడ్డును ముందు చిన్న గిన్నెలో కొట్టి, బాగుందని చూసుకున్న తరువాత పెద్ద గిన్నెలో పోయండి. ఒకటి చెడిపోయినా మిగిలినవి దక్కుతాయి.

4. పాలు, ఉప్పు, మిరియాల పొడి, పసుపు వేసి పచ్చసొన, తెల్లసొన కలిసేవరకు గిలక్కొట్టండి. నురగ వచ్చేదాకా కొట్టనవసరం లేదు. నురగ ఎక్కువైతే కుడుము పొంగి, దించగానే కుంగిపోతుంది. చివరగా వేయించిన కూరగాయలు కలపండి.

5. ఇడ్లీ పాత్రలో రెండు గ్లాసుల నీళ్లు పోసి మరిగించండి. ఇడ్లీ రేకుల గుంటలకు మిగిలిన నూనె బాగా రాయండి. గుంటలో ముప్పావు వంతు వరకే మిశ్రమం పోయండి. ఉడికేటప్పుడు అది పొంగుతుంది. కూరగాయలు అడుగుకు దిగుతాయి గనుక పోసే ప్రతిసారీ గరిటెతో కలపండి. చిల్లులున్న రేకులు దీనికి పనికిరావు.

6. మూత పెట్టే ముందు సెగ తగ్గించండి. సన్నని సెగ మీద 10 నిమిషాలు ఉడికించండి. కుక్కరులో చేసేవారు వెయిట్ పెట్టకూడదు. సెగ ఎక్కువైతే గుడ్డు బిగుసుకుపోయి, లోపల రంధ్రాలు పడి, రబ్బరులాగా అవుతుంది. పాలు పోయడం, సన్నని సెగ, ఈ రెండే మెత్తదనానికి కారణం. మూత నుండి నీటి చుక్కలు పడకుండా మూత లోపలి వైపు శుభ్రమైన పల్చటి గుడ్డ కట్టవచ్చు. ఆ గుడ్డ చివరలు పొయ్యి వైపు వేలాడకుండా పైకి ముడి వేయండి.

7. ఉడికిందీ లేనిదీ చూడడానికి మధ్యలో చాకు మొన గుచ్చండి. శుభ్రంగా పైకి వస్తే ఉడికినట్టు. పచ్చి గుడ్డు అంటుకుని వస్తే మరో రెండు మూడు నిమిషాలు ఉంచండి. పైభాగం గట్టిపడినంత మాత్రాన లోపల ఉడికిందని అనుకోవద్దు.

8. దించి ఐదు నిమిషాలు ఆగి, స్పూను అంచుతో చుట్టూ తిప్పి తీయండి. పచ్చి గుడ్డు తాకిన గిన్నె, గరిటె, వంటగట్టు సబ్బుతో కడిగిన తరువాతే ఇతర పనికి వాడండి.

ఇడ్లీ పాత్ర లేనివారు చిన్న స్టీలు గిన్నెలకు నూనె రాసి, మిశ్రమం సగానికి పోసి, నీళ్లు మరిగే గిన్నెలో నిలబెట్టి మూత పెట్టి ఉడికించవచ్చు. గుంట పొంగనాల పెనం మీద మూతపెట్టి, సన్నని సెగ మీద రెండు వైపులా కాల్చినా బాగుంటాయి. ఓవెన్ ఉన్నవారు 160 డిగ్రీల సెల్సియస్ దగ్గర సుమారు 25 నిమిషాలు ఉంచాలి. కింది అరలో వేడి నీళ్ల పళ్లెం పెడితే మెత్తగా వస్తాయి.

హడావిడి తగ్గించుకోవడం, నిల్వ ఉంచడం

ఫ్రిజ్ ఉన్నవారు ముందు రోజు రాత్రే కూరగాయలు వేయించి మూత పెట్టి ఫ్రిజ్‌లో ఉంచుకుంటే, ఉదయం గుడ్లు కొట్టి కలపడమే మిగులుతుంది. కుడుములు ఉడుకుతున్న పది నిమిషాలలో పిల్లలకు జడలు వేయవచ్చు. పెద్దవారికి మందులు అందించవచ్చు.

వండిన కుడుములను చల్లారగానే మూత ఉన్న డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో 3 రోజుల వరకు ఉంచవచ్చు. తినే ముందు లోపలి వరకు పొగలు వచ్చేలా ఆవిరి మీద వేడి చేయాలి. ఒకసారి వేడి చేసి మిగిలినవి మళ్లీ ఫ్రిజ్‌లో పెట్టకూడదు. రాత్రంతా కరెంటు లేకపోతే వాటిని పారవేయడమే మేలు.

ఫ్రిజ్ లేనివారు ఆ పూటకు సరిపడా మాత్రమే చేసుకోండి. వండిన గుడ్డు బయట రెండు గంటలకు మించి ఉండకూడదు. మన ఎండాకాలంలో, అంటే 32 డిగ్రీలు దాటిన వేడిలో, ఒక గంటే. కాబట్టి ఉదయం చేసిన వీటిని పిల్లల మధ్యాహ్నపు క్యారియరులో పెట్టకండి. ఇంట్లో తినిపించి పంపండి. వాసన బాగానే ఉంది కదా అని నమ్మకండి. వాంతులు, విరేచనాలు కలిగించే సాల్మొనెల్లా వంటి క్రిములు ఆహారంలో పెరిగినా వాసన మారకపోవచ్చు.

మందులు వాడేవారు జాగ్రత్తగా చదవవలసిన భాగం

షుగరు ఉన్నవారు: గుడ్డులో పిండి పదార్థం దాదాపు లేదు. అందువల్ల అది షుగరును ఒక్కసారిగా పెంచదు. అది మంచిదే. కానీ ఇన్సులిన్ లేక గ్లిమిపిరైడ్ వంటి మాత్ర వేసుకుని కేవలం గుడ్డు కుడుములే తింటే షుగరు పడిపోయే ప్రమాదం ఉంది. మీకు చెప్పిన కొలత ప్రకారం ఇడ్లీ, రొట్టె, ఉప్మా లాంటిది ఏదో ఒకటి తోడుగా తినండి. ఒళ్లు చెమటలు పట్టడం, వణుకు, గుండె దడ, కళ్లు తిరగడం కనిపిస్తే వెంటనే మూడు టీ స్పూన్ల చక్కెర నీళ్లలో కలిపి తాగండి. 15 నిమిషాలలో తగ్గకపోతే మళ్లీ తాగి ఆసుపత్రికి రండి. స్పృహ లేనివారి నోట్లో ఏమీ పోయకూడదు. అలాగే పరగడుపున రక్తపరీక్షకు వచ్చేవారు షుగరు మాత్ర వేసుకుని ఖాళీ కడుపుతో వరుసలో నిలబడవద్దు. రక్తం ఇచ్చిన తరువాత టిఫిన్ తినే వేళకు మాత్ర ఎలా వేసుకోవాలో ముందే అడిగి తెలుసుకోండి.

ఐరన్ మాత్రలు వాడే గర్భిణులు: గుడ్డు, పాలు, టీ ఐరన్ వంటికి పట్టకుండా అడ్డుపడతాయి. ఐరన్ మాత్రను ఈ టిఫిన్‌తో కలిపి వేసుకోకండి. కనీసం రెండు గంటల ఎడం ఉంచండి. నిమ్మరసంతో వేసుకుంటే ఇంకా బాగా పడుతుంది.

థైరాయిడ్ మాత్ర వాడేవారు: లేవగానే మంచినీళ్లతో మాత్ర వేసుకుని, అరగంట నుండి గంట తరువాత తినండి.

గుండె కవాటం మార్చినవారు: రక్తం పలచబరచే మాత్రలలో కొన్నింటి మీద ఆకుకూరల ప్రభావం ఉంటుంది. ఒక రోజు గుప్పెడు, మరో రోజు కట్ట చొప్పున కాక, ఎప్పుడూ ఒకే మోతాదులో వేసుకోండి.

కిడ్నీ జబ్బు ఉన్నవారు: డయాలిసిస్ అవసరం లేని దశలో మాంసకృత్తులు తగ్గించమంటారు. డయాలిసిస్ మొదలైన తరువాత పెంచమంటారు. పక్కింటివారి మాట కాక, మీ డాక్టరు చెప్పిన కొలత పాటించండి.

టి.బి. ఉన్నవారు: బరువు పెరగడం మందు పనిచేస్తున్నదనడానికి ఒక మంచి గుర్తు. మాత్రలు ఆహారానికి ముందా, తరువాతా అన్నది మీకు మందులిచ్చిన వారిని అడగండి. కడుపులో వికారంగా ఉందని మందులు మాత్రం మానవద్దు. వచ్చి చెప్పండి. టి.బి. రోగుల పోషణకు ప్రభుత్వం 2018 ఏప్రిల్ నుండి నెలకు 500 రూపాయలు ఇచ్చేది. 2024 నవంబరు నుండి దానిని 1000 రూపాయలు చేసింది. ఆ డబ్బు రోగి పళ్లెంలోకే రావాలి. ఇంట్లో గుడ్డు ఒకటే ఉంటే అది రోగికి పెట్టడం పక్షపాతం కాదు, చికిత్సలో భాగం.

మమ్మల్ని అడిగే సందేహాలు

*ఆపరేషను తరువాత గుడ్డు తింటే కుట్లకు చీము పడుతుందా?*
పడదు. చీముకు కారణం క్రిములు, గుడ్డు కాదు. గాయం పూడాలంటే కొత్త కణజాలం పెరగాలి, దానికి మాంసకృత్తులు కావాలి. పత్యం పేరుతో చారన్నం మాత్రమే తినేవారి గాయాలు మానడం ఆలస్యమవుతుంది. డాక్టరు మామూలు ఆహారం తినవచ్చని చెప్పిన రోజు నుండి గుడ్డు పెట్టవచ్చు. డ్రెస్సింగుకు ముందు చేతులు కడుక్కోవడంలో మాత్రం పట్టుగా ఉండండి.

*బాలింతకు పెట్టవచ్చా? బిడ్డకు పడకపోతే?*
పెట్టాలి. అంగన్‌వాడీలలో గర్భిణులకు, బాలింతలకు గుడ్డు ఇస్తున్నది అందుకే. అత్తగార్లూ, అమ్మలూ ఈ విషయం దయచేసి గమనించండి. పాలిచ్చే తల్లికి మామూలు కంటే ఎక్కువ ఆహారం కావాలి, తక్కువ కాదు.

*పసిపిల్లలకు ఎప్పుడు మొదలుపెట్టాలి?*
ఆరు నెలలు నిండి, అదనపు ఆహారం మొదలైన తరువాత, ఉప్పు కారం లేకుండా బాగా ఉడికించి, మెత్తగా మెదిపి కొద్దిగా పెట్టండి. ఒంటి మీద దద్దుర్లు, పెదవుల వాపు, వాంతులు, ఆయాసం కనిపిస్తే ఆపి వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

*పచ్చి గుడ్డు తాగితే బలమంటారు కదా?*
కాదు. ఉడికిన గుడ్డులోని మాంసకృత్తులు సుమారు 90 శాతం వంటికి పడితే, పచ్చి గుడ్డులోనివి సగమే పడతాయి. పైగా క్రిముల భయం ఒకటి. పాలలో పచ్చిగుడ్డు కొట్టి పిల్లలతో తాగించే అలవాటు మానుకోండి.

*బ్రౌన్ గుడ్డు ఎక్కువ బలమా?*
పెంకు రంగు కోడి జాతిని బట్టి వస్తుంది. రంగుకు ఎక్కువ డబ్బు ఇవ్వనవసరం లేదు.

*కొలెస్టరాల్ ఉన్నవారి సంగతి?*
ఒక పచ్చసొనలో సుమారు 185 మిల్లీగ్రాముల కొలెస్టరాల్ ఉంటుంది. ఆరోగ్యవంతులలో ఎక్కువమందికి రోజుకు ఒక గుడ్డుతో ఇబ్బంది లేదు. గుండె జబ్బు, షుగరు, అధిక కొలెస్టరాల్ ఉన్నవారు పచ్చసొన ఎంత తినవచ్చో డాక్టరును అడగండి. ఈలోగా నాలుగు గుడ్లకు బదులు ఒక పూర్తి గుడ్డు, ఐదు తెల్లసొనలతో కుడుములు చేసుకోవచ్చు. గుడ్డు మాని వనస్పతి పూరీలు తింటే మాత్రం ప్రయోజనం లేదు.

*ఎండాకాలంలో గుడ్డు వేడి చేస్తుందా?*
గుడ్డు తిన్నందువల్ల జ్వరం రాదు. వేసవిలో నీళ్లు తక్కువ తాగడం వల్ల వచ్చే మంటను చాలామంది గుడ్డు మీద నెడతారు. వేసవిలో భయపడవలసింది నిల్వ ఉంచిన గుడ్డుకే.

*గుడ్డు తినని ఇళ్లలో?*
నానబెట్టి రుబ్బిన పెసరపప్పులో ఇవే కూరగాయలు కలిపి ఇదే రేకులలో ఉడికించండి. పక్కన ఒక గ్లాసు పాలో, కప్పు పెరుగో తీసుకుంటే మంచి టిఫిన్ అవుతుంది.

గుర్తుంచుకోవలసినవి

* ఒక కుడుము అంటే అర గుడ్డు. సగం మంది పెద్దలకు సరిపోతాయని కాక, ఇంట్లో ఎవరికి ఎన్ని అవసరమో లెక్క చూసి పెట్టండి. ఆరోగ్యవంతులు రోజూ తింటే రెండు చాలు. బలహీనంగా ఉన్నవారికి, గాయం మానవలసినవారికి నాలుగు.
* సన్నని సెగ, పది నిమిషాలు, చాకుతో పరీక్ష.
* ఫ్రిజ్‌లో 3 రోజులు. బయట 2 గంటలు. ఎండాకాలంలో 1 గంట.
* షుగరు మందు వేసుకున్నవారు కుడుములతో పాటు ఇడ్లీయో, రొట్టెయో తప్పక తినాలి.
* ఐరన్ మాత్రకు, ఈ టిఫిన్‌కు రెండు గంటల ఎడం.

ఈ వారంలో ఒక రోజు మీ ఇంట్లో చేసి చూడండి. ముందుగా మీ ఇంట్లో ఎవరు ఖాళీ కడుపుతో బయటికి వెళ్తున్నారో గమనించి, మొదటి పళ్లెం వారికే పెట్టండి. చాలా ఇళ్లలో ఆ ఖాళీ కడుపు వంట చేసే అమ్మదే. అందరికీ వడ్డించి గిన్నె కడిగే ఆమె కోసం రెండు కుడుములు ముందే తీసి పక్కన పెట్టండి. మందుల విషయంలో మీకు ఏ సందేహమున్నా, ఈసారి ఆసుపత్రికి వచ్చేటప్పుడు మీ మాత్రల చీటీ వెంట తెచ్చి ఓ.పి.లో ఉన్న సిస్టర్‌ను అడగండి. ఏ మాత్ర ఎప్పుడు, దేనితో వేసుకోవాలో చీటీ మీదే తెలుగులో రాసి ఇస్తారు.